డబ్బా మూత చప్పుడు

కొత్తగూడ ఫ్లాటులో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఇద్దరమే ఉంటాం, నేనూ నా మనవరాలూ. కొడుకూ కోడలూ మాదాపూర్‌లో ఆఫీసుల్లో ఉంటారు. ఇంతకుముందు బోరబండలో ఉన్నప్పుడు గోడ అవతల ఎవరు దగ్గినా వినిపించేది. ఇక్కడ తొమ్మిదో అంతస్తులో ఎదురింటివాళ్ల మొహం కూడా నాకు సరిగ్గా తెలియదు. ఆ నాలుగేళ్ల పిల్ల మాట్లాడితేనే నాకు మాట.

ముద్దు చేయడం నాకు చేతకాదు. నాకు తెలిసిన దారి పల్లి లడ్డూ ఒక్కటే. పిల్ల బడి నుంచి రాగానే స్టీలు డబ్బా మూత తీసేదాన్ని. మూత బిగుతు, తీస్తే టప్పుమనేది. ఆ చప్పుడు వింటే చాలు, బూట్లు ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి సోఫా కింద విసిరేసి ఉరికొచ్చేది. నేను లడ్డూ విరిచి సగమే ఇచ్చేదాన్ని. "ఇంకో సగం నాయనమ్మా" అంటూ నా మోకాళ్ల మీద వాలేది. సగం ఇవ్వడంలో పొదుపెంతో, అలా వాలుతుందన్న ఆశెంతో ఇప్పుడు చెప్పలేను.

పోయిన వానాకాలంలో డబ్బాలో లడ్డూలు ముక్కిపోయాయి. వాసన నాకు తెలిసింది. పారేయడానికి చేయి రాలేదు. పొడి చేసి, యాలకులు దంచి వేసి, కాస్త బెల్లం పాకంతో మళ్లీ ఉండలు చుట్టాను. ఆ రోజు మాత్రం పిల్లకు లడ్డూ మొత్తం ఇచ్చాను, తొందరగా అయిపోతాయని. సాయంత్రానికి వాంతులు. దవాఖానలో సెలైన్ పెట్టారు.

"పారేస్తే ఏమైతుండె అమ్మా?" అన్నాడు కొడుకు. కోడలు పిల్ల తల నిమురుతూ కూర్చుంది.

పిల్ల కోలుకున్నాక తాజా పల్లీలు వేయించి కొత్తగా చేశాను. మూత తీశాను. పిల్ల బొమ్మలు వదిలేసి గదిలోకి పోయి తలుపేసుకుంది.

"ఇవి మంచియి బిడ్డా" అన్నాను బయటి నుంచి.

"కక్కొస్తది" అంది లోపలి నుంచి.

ఆ తర్వాత నేను పక్కన కూర్చున్నా జరిగిపోయేది. నెల దాటింది. కోడలి ఆఫీసులో మెదడు ఫొటోలు చూసే సాఫ్ట్‌వేర్ చేస్తారు. ఒక ఆదివారం ఆమెనే అడిగాను.

"ఎప్పుడో పోయిన వాంతులు. గింత మొండితనమేంది దీనికి?"

కోడలు ల్యాప్‌టాప్ తెరిచి బూడిదరంగు బొమ్మ మీద వేలు పెట్టింది. "మొండితనం కాదత్తమ్మా. ఇగో గిక్కడ, బాదంగింజంత ఉంటది, అమిగ్డలా అంటరు. ఏ చప్పుడు వెనక ఏం దొరుకుతదో, అది ఎంత మంచిగుంటదో నేర్చుకునేది, యాది పెట్టుకునేది ఇదే. గిన్నొద్దులు మూత చప్పుడుకు మంచి ధర కట్టింది. ఇప్పుడు ఆ ధర మార్చింది."

"ఒక్కసారికేనా?"

"కడుపుల తిప్పితే ఒక్కసారి చాలు."

"మరి మర్చిపోవాలంటే?"

"అంత అల్కగ మరువది. దాని మీదికెళ్లి, ఈ చప్పుడైతే ఏం గాదని కొత్తది నేర్పాలె. బలవంతం చెయ్యొద్దు, జర టైం పడ్తది." నవ్వింది. "పెండ్లయిన కొత్తల నా చేతి చారు మీరు ఒక్కపారి తాగిన్రు. ఇప్పటిదాక మళ్ల ముట్టలే. మీకూ ఉన్నదత్తమ్మా బాదంగింజ."

నేను నవ్వలేదు. నిజమే కదా మరి.

మరునాటి నుంచి రోజూ రెండే లడ్డూలు చేస్తున్నాను. మధ్యాహ్నం హాల్లో కింద కూర్చుని మూత తీస్తాను. పిలవను. ఒకటి నేనే మెల్లగా తింటాను. రెండోది సాయంత్రం దాకా పళ్లెంలో ఉంచి పారేస్తాను. పారేసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. అయినా పారేస్తున్నాను. కిటికీ అవతల అద్దాల మేడల మీద ఎండ జరుగుతూ ఉంటుంది. ఇంట్లో నేను నమిలే చప్పుడే వినిపిస్తుంది.

మొదట్లో పిల్ల తలుపు వేసుకునేది. ఈమధ్య వేసుకోవడం లేదు. నిన్న గడప దగ్గర నిలబడి నా నోటివైపే చూసింది.

"నీకు కక్కొస్తలేదా?"

"లేదు బిడ్డా."

"రేపు గూడ తింటవా?"

"తింట."

దగ్గరికి రాలేదు. ఇంకాసేపు చూసి బొమ్మల దగ్గరికి పోయింది.