నల్ల అంచు ఉత్తరాలు

మొన్న మంగళవారం పోస్టులో మా ఆయన పేర ఒక ప్యాకెట్ వచ్చింది. ఆయన పోయి అప్పటికి పందొమ్మిది రోజులు. విప్పితే నల్ల అంచున్న పాత ఉత్తరం. ఆయన ఎప్పుడో కొంటానని చెప్పి పెట్టుకున్నది. అమ్మినవాళ్ళకు కబురు తెలియదు. పప్పు గిన్నెతో వచ్చిన పక్కవీధి ఆంటీ అది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"చావు ఉత్తరం ఇంట్ల పెట్టుకుంటరా? చదివి చింపెయ్యాలె. అవి కూడబెట్టినందుకే ఇంటికి గిట్లయింది. ఆ ఉత్తరాల పెట్టె అవతల పారేయ్ బిడ్డా."

ఆయన ఇక్కడ ఇంగ్లండులో, లీడ్స్‌లో ఆసుపత్రి డాక్టరు. విక్టోరియా రాణి కాలపు రచయితల, చిత్రకారుల, మంత్రుల ఉత్తరాలు సేకరించేవారు. అందులోనూ ఇంట్లో మనిషి పోయాక నల్ల అంచు కాగితం మీద రాసినవే. లోకానికి చెప్పింది పుస్తకాల్లో దొరుకుతుంది, ఇది దొరకదు అనేవారు. వాటిలో ఒక చిత్రకారుడు భార్య పోయిన వారంలో రాసిన ఉత్తరం ఉంది. అది వచ్చిన రోజున అత్తయ్య ఇక్కడే ఉన్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నల్ల అంచు తెలుసు. నాలుగు ముక్కలు చేసి, రీసైక్లింగ్ డబ్బాలో వేసి, తలస్నానం చేసి వచ్చి కూర్చున్నారు.

"ఎవలు పోయిన్రురా?"

"రాణిగారి కాలంలో ఒకావిడ, అమ్మా."

"అప్పుడెప్పుడో పోతే ఇయ్యాల నాతోని తానం చేయిస్తవారా, ఈ చలిల!"

తిట్టి, తిట్టి, చివరికి ముక్కలు ఏరించి, మైదా ఉడికించి జిగురు చేసింది ఆవిడే. వెనక సన్నకాగితం వేసి ఆయన అతికించారు. మడతలో ఇప్పటికీ ఒక వంకర ఉంది.

అదంతా ఆంటీకి చెప్పలేదు. "పారేయను ఆంటీ. ఆయన పోయింది గుండెజబ్బుతో, ఉత్తరాలతో కాదు. అత్తయ్యే జిగురు కాచి బాగుచేయించిన ఉత్తరం ఉంది ఆ పెట్టెలో," అన్నాను. ఆవిడ గిన్నె ఇచ్చి, పొయ్యి మీద వేడి చేసుకొమ్మని చెప్పి వెళ్ళిపోయింది. ఆ పప్పు బాగుంది. ఆ మాట మాత్రం క్షమించలేదు.

కొత్త ఉత్తరం అదే చిత్రకారుడిది, ఏడాది తరవాతది. రంగుల ఖరీదు గురించి, మోకాలి నొప్పి గురించి రాశాడు. భార్య మాట లేదు. మొదటిదాని అంచు బొటనవేలంత, దీనిది గోరంచంత. నెలలు గడిచేకొద్దీ అంచు సన్నని కాగితం వాడడం వాళ్ళ ఆచారమని ఆయన చెప్పేవారు. రెండూ పక్కపక్కన పెట్టి పెట్టె మూశాను. నా అంచు ఎన్నాళ్ళకు సన్నబడాలో కాలమూ నేనూ తేల్చుకుంటాం. మధ్యలో ఇంకెవరూ రానక్కర్లేదు.