నాయన ముట్టని ద్రాక్షరసం

పక్కింట్లో ఎండుద్రాక్ష ఉడికే వాసన కిటికీలోంచి వస్తే నేను ఇప్పటికీ లేచి రెక్క మూసేస్తాను. ఇక్కడ ఆత్మకూరులో మా యేసు ప్రభువు గుడికి ద్రాక్షరసం అంగడి నుంచి సీసాల్లో వస్తుంది, చిన్న చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో పోసి ఇస్తారు. నా చిన్నప్పుడు, సీతారామపురం పక్కన మా పల్లెలో, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల జరిగే ఆదివారానికి ఆ రసం కాచే పని మా అమ్మది. శనివారం సాయంత్రం కట్టెల పొయ్యి మీద నల్ల ఎండుద్రాక్ష ఉడుకుతుంటే తియ్యటి ఆవిరి వసారా దాకా వచ్చేది, వడగట్టిన పిప్పి కోసం నేను పళ్లెం పట్టుకుని కాచుకుని ఉండేదాన్ని.

తాగేవాళ్లకు మా సంఘంలో బల్ల ఇవ్వరు. సారా వల్ల నాయన ఎన్నో ఏళ్లు గుడిలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మానేశాక, పొద్దుగుంకే వేళకు గొంతు లాగితే చొక్కా జేబులోని బెల్లం ముక్క నోట్లో వేసుకుని, సారా అంగడి వీధి తప్పించి, చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరేవాడు. అట్లా ఏడాది నిలబడ్డాకే ఆయన్ని మళ్లీ బల్లకు రానిచ్చారు. ఆ రోజు అమ్మ సంకటి, మాంసం కూర చేసి కొసరి కొసరి పెట్టింది.

ఆ తర్వాతి వేసవిలో, శనివారం ఆత్మకూరులో చుట్టాల పెళ్లి ఉందని అమ్మ గురువారమే రసం కాచి మూత పెట్టేసింది. ఆదివారం అందరూ తాగే ఒకే పాత్ర నాయన చేతికి వచ్చింది. మూతి దాకా తీసుకుని, ఆగి, తాగకుండానే పక్కాయనకు ఇచ్చేశాడు. గుడంతా ఇటు తిరిగి చూసింది. పెళ్లిలో తాగొచ్చాడు, అందుకే ముట్టలేదనుకున్నారు. నేనూ అదే అనుకుని సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని, తన దాకా వచ్చిన పాత్రను తనూ ముట్టలేదు.

గుడి వెనక పాత్ర కడగబోతే కల్లు వాసన కొట్టింది; పెదవి తడుపుకుని పంపేసేవాళ్లు ఎవరూ అది పట్టించుకోలేదు. పరిగెత్తి నాయనకు చెప్పాను.

"పులిసిపోయుండాది, నాకు తెలుసు. ఒక్క గుక్క పడితే నేను మళ్లా మొదటికి పోతా," అన్నాడు. "మీ అమ్మకి చెప్పబాక. తన చేత్తో కాచింది, తట్టుకోలేదు."

అమ్మ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, ఆయన ఇంటికి వచ్చినప్పుడల్లా దగ్గరికెళ్లి నోరు వాసన చూసేది. ఆయన కదలకుండా నిలబడేవాడు. పోయేదాకా చుక్క ముట్టలేదు.

ఆ పొయ్యీ లేదు, ఆ పాత్రా లేదు. నాయన వద్దన్నాడు గనకే నోరు మూసుకున్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ ఆయన పోయాక అమ్మ మూడేళ్లు నా దగ్గరే ఉంది. అప్పుడూ చెప్పలేదు, చెబితే అమ్మ ఏమైపోతుందోనని భయం.

"ఆ ఒక్క పెళ్లికే గదా మీ నాయన తప్పినాడు, మళ్లా ముట్టలా. ఎప్పుడో క్షమించేసినాలే," అని ఒక పొద్దున నాతో అంది.

నేను అవునమ్మా అన్నాను.