సబ్బు నురగలో చిట్లిన గాజు

కరోనా రోజుల్లో మేడ్చల్‌లోని ఒక చిన్న ఆసుపత్రిలో నేను నర్సుల ఇన్‌చార్జిని. నాకు నోటి దురుసు ఎక్కువ, మాస్కు కూడా దాన్ని ఆపలేకపోయింది. వార్డులోకి వెళ్లే ప్రతి నర్సు చేతులూ తలుపు దగ్గరే చూసేదాన్ని. గాజులుంటే మణికట్టు సరిగ్గా కడగలేం, గ్లౌజు చిరుగుతుంది. ఒక పేషెంటు రోగాన్ని ఇంకో పేషెంటుకి మోసేది మన చేతులే.

శామీర్‌పేట నుంచి వచ్చే కొత్త నర్సుకి ఆ మధ్యే పెళ్లయింది. చేపలు పట్టే ఇంటి పిల్ల. రెండు చేతులకీ ఆకుపచ్చ మట్టిగాజులు, చెయ్యి పిసికి ఎక్కించినవి.

"పలగ్గొడ్తెనే వస్తయి మేడమ్. మా ఆయనకు కీడంట. మా అత్త సంపుతది," అంది.

"కీడు మీ ఆయనకి కాదు, లోపల పడుకున్నవాళ్లకి!" అని చెయ్యి పట్టుకుని కుళాయి కిందకి లాగాను. సబ్బు రాసి ఒక్కొక్కటీ ఊడదీశాను. ఆఖరిది చిట్లింది. పిల్ల ముక్కలు ఏరి జేబులో వేసుకుంది.

చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అది నా గురించే. అప్పుడు నా చేతులకి రెండు బంగారు గాజులున్నాయి. గౌను కింద మోచేతి దాకా తోసి దాచేదాన్ని. మా ఆయన రోజూ జీడిమెట్లలో మందుల కంపెనీకి వెళ్లొచ్చేవాడు. బోసి చేతులతో ఉండాలంటే నాకూ భయమే. ఇన్‌చార్జి చేతులు ఎవరు చూడొచ్చారు?

వారం తిరక్కుండానే ఆ పిల్ల భర్తకి జ్వరం. పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడన్నారు. గాజు చిట్లితే రోగం రాదని నాకు తెలుసు. అయినా గుండ్లపోచంపల్లిలో మా ఇంట్లో కూర్చుంటే ముద్ద దిగేది కాదు. ఫోన్ చేద్దామంటే మొహం చెల్లలేదు. సిగ్గుచేటు ఏమిటంటే, నా గాజులు మాత్రం అప్పుడూ తీయలేదు. అతని సంగతి విన్నాక భయం ఇంకా పెరిగింది.

ఒక పొద్దున ఆమె మళ్లీ డ్యూటీకి వచ్చింది. రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. అతను పోయాడేమో అనుకున్నాను.

నా అవస్థ చూసి ఆమే చెప్పింది. "మంచిగున్నడు మేడమ్. నిన్ననే ఇంటికి తోల్కొచ్చినం. మా అత్త మల్ల ఏసిన గాజులు నేనే తీసి ఇంట్ల పెట్టొచ్చిన."

"మీ అత్తగారు ఏమీ అనలేదా?"

"మస్తు తిట్టింది. నీ కొడుకును సూసుకున్న నర్సులు గూడ గాజులు తీసిన్రు అని జెప్పిన."

"ఆ రోజు నేను నీ చెయ్యి అలా లాగకుండా ఉండాల్సిందమ్మా. తప్పు చేశాను," అన్నాను.

ఆమె చేతులు కడుక్కుంటూనే గౌను కింద ఉబ్బుగా కనిపిస్తున్న నా మోచేతి వైపు చూసింది.

"గాజులు తీయుడు మంచిదే మేడమ్, లోపల ముసలోళ్లున్నరు. మీయి గూడ తీయున్రి. బంగారంయి గద, పలగవు."