అక్క వేసిన తాళం

అక్కది మొండితనం అని ఆమె పోయాక కూడా ఫ్యాక్టరీలో అంటూనే ఉన్నారు. తమ్ముడు ఆ మాట ఒప్పుకోడు. ఎవరన్నా అంటే విననట్టు వెళ్లిపోడు. కుర్చీ లాక్కుని కూర్చుని మరీ గొడవ పెట్టుకుంటాడు.

ఇనుము కరిగించే ఆ ఫ్యాక్టరీలో అతను అప్పుడూ ఇప్పుడూ కొలిమి ఫోర్‌మనే. ఆమె ఫిట్టరు. తుక్కు ఇనుము గుట్టల వెనక కంపెనీ కరెంటు కోసం సొంతంగా గాలిమర నిలబెట్టినప్పుడు దాన్ని చూసుకునే పని ఆమెకిచ్చారు. లోపలి నిచ్చెన ఎక్కేముందు మర ఆపి, మళ్లీ ఎవరూ తిప్పకుండా కింద స్విచ్చి పెట్టెకు ఎవరి తాళం వాళ్లు వేసుకోవాలి. వేసినవాళ్లు తప్ప ఇంకెవరూ తీయకూడదు. యాభై రెండేళ్ల వయసులో మోకాళ్లకు గుడ్డలు చుట్టుకుని ఆమె రోజూ ఎక్కేది. "మీ బావ గురక కంటే ఈ హోరే నయంరా" అనేది.

గాలి కరెంటుతో మొదటిసారి ఇనుము కరిగించే రోజు వచ్చింది. పదకొండింటికి కంపెనీ పెద్దలు చూడటానికి వస్తున్నారు. పోత సవ్యంగా జరిగితే కొలిమి విభాగమంతా తమ్ముడికే అని మేనేజరు మాటిచ్చాడు. తొమ్మిదింటికి చూస్తే రెక్కలు తిరగడం లేదు. స్విచ్చి పెట్టెకు అక్క తాళం వేలాడుతోంది. పక్కనే స్టూలు మీద అక్క టీ తాగుతోంది.

"ఏంటక్కా ఇది? ఇవాళే దొరికిందా నీకు?"

"రెక్కల నట్లు వదులయ్యాయి."

"మొన్నే కదా కాంట్రాక్టరు మనుషులు బిగించి వెళ్లారు!"

"బిగించలేదు. రంగేసి వెళ్లారు."

నట్టు బిగించాక దాని మీంచి కింది ఇనుము మీదికి ఒక గీత గీస్తారు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. విరిగిన గీతల మీద ఎవరో కొత్త గీతలు లాగారు. అక్క గోటితో గీకితే కింద పాత గీత పక్కకు జరిగి కనబడింది. అలాంటివి పదకొండు. రెండు రోజుల పని.

మేనేజరు పరుగున వచ్చాడు. "తాళం తీయమ్మా. మూడు గంటలు తిరిగితే కొంపేం మునగదు."

"మీది మునగదు లెండి. దాని కింద తుక్కు ఏరేవాళ్లు నలభై మంది."

"కోసేయిస్తాను."

"కోయించండి. కోసినవాళ్లెవరో, కోయించినవాళ్లెవరో రిజిస్టర్లో నేనే రాస్తా. నా దస్తూరీ బాగుంటుంది."

మేనేజరు తమ్ముడి వైపు తిరిగాడు. తమ్ముడు గొంతు తగ్గించాడు.

"అక్కా, నా మొహం చూసైనా..."

"నీ మొహం పుట్టినప్పట్నించీ చూస్తున్నానురా. పైకి రా, నట్లు చూద్దువుగాని."

నిప్పంటే అతనికి భయం లేదు, ఎత్తంటే ఉంది. అయినా నియమం ప్రకారం తన తాళమూ తగిలించి నిచ్చెన పట్టుకున్నాడు. సగం దూరంలో కళ్లు మూసుకున్నాడు. "కిందికి చూడకు. నా బూట్లు చూస్తూ రా" అంది అక్క.

పైన ఆమె ఇచ్చిన రెంచి నట్టుకు పట్టించి లాగాడు. బిగిసిన నట్టయితే ఇద్దరు వేలాడినా కదలదు. అది ఒంటిచేత్తో తిరిగింది.

"ఇంకోటి చూడు."

"చాలక్కా."

"చాలదు. తోడబుట్టిందాన్నని నమ్మి దిగకు."

నాలుగు చూశాడు. నాలుగూ తిరిగాయి.

దిగేసరికి పదిన్నర. మేనేజరు చెయ్యి చాపాడు. "నీ తాళం తీసెయ్. ఆమెది నేను చూసుకుంటాను."

తమ్ముడు తాళంచెవి చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు. "నాదీ కోయించాలండీ."

"విభాగం సంగతి గుర్తుందా?"

"గుర్తుంది."

గేటు దగ్గర కార్ల హారన్లు వినిపించాయి. అక్క స్టూలు ఇటు జరిపింది. "కాళ్లు వణుకుతున్నాయిరా, కూర్చో."

"వణకనీ" అని అతను స్విచ్చి పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు.