పార్కులో వైర్‌లెస్, మస్కట్‌లో ఎండ

ఎనభైల్లో మేం నస్పూర్‌లో బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా ఆయన గనిలో ఎలక్ట్రికల్ పని చూసేవారు. ఆయనకున్న ఒకే ఒక పిచ్చి హామ్ రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. హైదరాబాద్‌లో విడిభాగాలు ఏరుకొచ్చి సెట్టు తనే కట్టుకున్నారు. దాంతో ఎక్కడెక్కడో ఉన్న తనలాంటి పిచ్చివాళ్ళతో మాట్లాడొచ్చు. కానీ క్వార్టర్లో అది పనికిరాలేదు. పక్కనే సబ్‌స్టేషను, గని మోటార్లు. చెవికి పెట్టుకుంటే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలే తప్ప మనిషి గొంతు వినపడేది కాదు. అందుకని, సెట్టు బయట నడుపుకోవడానికి వేరే అనుమతి తెప్పించుకుని, ఆదివారం సాయంత్రాలు కాలనీ పార్కుకు పోవడం మొదలుపెట్టారు.

నేనూ వెంట పోయేదాన్ని. స్కూటర్ మీద ఆయన కాళ్ళ దగ్గర బ్యాటరీ, నా ఒళ్ళో తువ్వాలు చుట్టిన సెట్టు. రెండు వేపచెట్ల మధ్య ఏరియల్‌గా రాగితీగ కట్టాలి. తాడు కొసకు రాయి కట్టి కొమ్మ మీదుగా విసరాలి. ఆయన విసిరితే రాయి ఎప్పుడూ కొమ్మ కిందినుంచే పోయేది. కొన్నాళ్ళు చూసి ఆ పని నేను తీసుకున్నాను. చిన్నప్పుడు మామిడికాయలు కొట్టిన చెయ్యి నాది.

మా వైపు ఆ రోజుల్లో వైర్‌లెస్ అంటే పోలీసులదో, అడవిలో అన్నలదో. అందుకే ఆయన ముందే స్టేషనుకు పోయి కాగితాలన్నీ చూపించి వచ్చారు. అయినా మొదట్లో ఒక కానిస్టేబులు వచ్చి బెంచీ మీద కూచునేవాడు. తర్వాత తర్వాత అతనే మాకంటే ముందొచ్చి చెట్టుకింద చోటు ఆపి పెట్టేవాడు.

పార్కు గేటు దగ్గర ఒకామె మక్కకంకులు కాల్చి అమ్మేది. చిన్న వయసే. మాతో ఎప్పుడూ మాట కలపలేదు. వానలు మొదలైన కొత్తలో ఒక సాయంత్రం సెట్టులో ఒక గొంతు తేటగా పలికింది. మస్కట్‌లో ఉద్యోగం చేసే మలయాళీ ఇంజనీరు. మా ఆయన నోట "మస్కట్" అన్న మాట వినపడగానే ఆమె విసనకర్ర అక్కడే పడేసి వచ్చి నా వెనక నిలబడింది.

"అక్కా, గాయిన మస్కట్ల ఉన్నడా?" అని మెల్లగా అడిగింది.

ఉన్నాడన్నాను.

"మా ఆయన గూడ గాడ్నే ఉన్నడు."

పెళ్ళయిన ఏడాదికే ఏజెంటు ద్వారా పోయాడట. పోయి రెండో ఏడు నడుస్తోంది. ఉత్తరాలొస్తాయి గానీ, నేను మంచిగున్న, నువ్వు మంచిగుండు అని తప్ప వాటిలో ఏమీ ఉండదట. ఆమె ఏదో కబురు చెప్పించమంటుందని మాకర్థమైంది. మా ఆయన ముఖం చిన్నబోయింది. లైసెన్సు షరతుల ప్రకారం హామ్‌లు పక్కవాళ్ళ కబుర్లు మోయకూడదు, అందులోనూ దేశం దాటించి. ఆ సంగతి ఆమెకు నొచ్చుకుంటూ నొచ్చుకుంటూ చెప్పారు.

ఆమె అంతా విన్నది. "కబురు వద్దు సారూ. గాడ ఎండ ఎట్లుందో అడుగుండ్రి. గంతే."

ఎండావానల సంగతి హామ్‌లు ఎటూ మాట్లాడుకునేదే. ఆయన ఇంగ్లిషులో అడిగారు. గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది అన్నాడు ఇంజనీరు. నేను తెలుగులో చెప్పాను. ఆమె తల ఊపి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ వానాకాలమంతా అదే తంతు. మస్కట్ దొరికితే ఆమె పరుగున వచ్చేది. దొరకని రోజున తీగ వైపు చూస్తూ నిలబడేది. ఆమె అట్లా నిలబడితే మా ఆయనకు సెట్టు ఆపబుద్ధయ్యేది కాదు, బ్యాటరీ అయిపోయేదాకా వెతికేవారు. అవతలి ఇంజనీరు కూడా కొన్నాళ్ళకు అడక్కుండానే గాలి ఎటు వీస్తోందో, సముద్రం ఎట్లా ఉందో చెప్పడం మొదలుపెట్టాడు. మీకు మా ఊరి ఎండ మీద ఇంత ధ్యాస ఎందుకని ఒకసారి అడిగాడు. ఇక్కడ తెలుసుకోవాలనుకునే మనిషి ఒకరున్నారని మాత్రం ఈయన అన్నారు.  అప్పుడతను, తన భార్య కూడా ఇలాగే దూరంగా కేరళలో ఉందని చెప్పాడు.

ఒకనాడు ముసురు పట్టింది. మేం సెట్టు మీద నా కొంగు కప్పి పార్కులోని షెడ్డు కిందికి ఉరికాం. ఆమె పొయ్యి మీద రేకు కప్పి తను వానలోనే నిలబడింది. లోపలికి రమ్మని పిలిచాను.

"గాయిన ఎండల మాడుతుండు అక్కా. ఇంట్ల ఫ్యాను గూడ ఏసుకుంటలేను. నాకు సల్లగుంటె మనసున వడ్తలేదు" అంది.

బతుకమ్మ ముందర ఆమె భర్త సెలవు మీద వచ్చాడు. ఆదివారం అతన్ని వెంటబెట్టుకుని పార్కుకు తీసుకొచ్చింది. సన్నగా, మాట తక్కువ మనిషి. ఎండకు చాలా కష్టపడ్డట్టున్నావని మా ఆయన పలకరించారు. అతను మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

"ఎండెక్కడిది సారూ? కంపెనోళ్ళు నన్ను సలాలాకు తోలిండ్రు. మస్కట్ నుంచి బస్సుల దినమంత పోవాలె. వానకాలమంత గాడ జల్లే. గుట్టలన్ని పచ్చగుంటయి. రాత్రి దుప్పటి కప్పుకుంటం."

"నాకెందుకు చెప్పలే?" అంది ఆమె.

"ఊరు మారిన్నంటె పరేషాన్ అయితవని. ఉత్తరాలెట్లయిన మస్కట్ ఆఫీసు నుంచే వస్తయి."

ఆమె గడ్డి మీద కూలబడింది. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను గానీ నవ్వొచ్చింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఫ్యాను సంగతి, వానలో నిలబడ్డ సంగతి నేనే అతనికి చెప్పాను. అతను వింటూ తల వంచుకున్నాడు. తర్వాత గేటు దగ్గరికి పోయి, ఆమె పీట మీద కూచుని విసనకర్రతో బొగ్గులు విసరసాగాడు.

అంతలో మస్కట్ గొంతు వచ్చింది. అతనికి వినిపిద్దామని మా ఆయన సంబరంగా స్పీకరు పెంచారు. అతను దగ్గరికొచ్చి కాసేపు విన్నాడు.

"సారూ, జర బంద్ చెయ్యుండ్రి" అన్నాడు. "మళ్ల పోయేదే ఉన్నది. ఉన్నన్ని దినాలు గీడి ముచ్చట్లే వింట."

మా ఆయన ఇంజనీరుకు సెలవు చెప్పి స్విచ్ తీసేశారు. పార్కులో రేడియో లేకుండా కూచోవడం మాకదే మొదలు. అతను కాల్చిన కంకులు నిమ్మకాయ, ఉప్పు రాసి తలా ఒకటి ఇచ్చాడు. ఒకవైపు మాడాయి. అయినా గింజ వదలకుండా తిన్నాం.

అతను తిరిగి సలాలాకే వెళ్ళాడు. కొన్నేళ్ళ తర్వాత పూర్తిగా వచ్చేసి మంచిర్యాలలో ఆటో నడుపుకున్నాడు. అతను వెళ్ళిన ఆ చలికాలమే నేనూ హామ్ పరీక్షకు చదవడం మొదలుపెట్టాను. ఆమె అడగమన్నది ఆయన అడిగితే నేను తెలుగు చేసి చెప్పడం కాక, నేనే అడగాలనిపించింది. అతనింకా అక్కడ ఉండగానే నాకు లైసెన్సు వచ్చింది. మొదటిసారి మైకు నా చేతిలోకి వచ్చినప్పుడు మస్కట్ పలికింది, నేనేమో మైకు మా ఆయనకే తిరిగి ఇవ్వబోయాను. ఆమె పక్కన కూచుని నా భుజం మీద చెయ్యి వేసింది.

"అడుగక్కా, ఏం గాదు. సలాలాల వాన వడ్డదా అడుగు."

అడిగాను.