మూసుకుపోయిన కాజాలు

వీధిలో అందరికీ ఆమె రఫూ అక్క. చొక్కా లోపలి మడతలోంచి ఒక పోగు లాగి, దానితోనే చిరుగును అల్లేస్తుంది. కిటికీలో ఎండ ఉన్నంతసేపే పని. పక్క కుర్చీలో అమ్మ. ఆ విద్య నేర్పింది అమ్మే.

ఈమధ్య అమ్మ మనసులో మనుషులు మసకబారారు, వేళ్లు మాత్రం పని మరవలేదు. ఒక మధ్యాహ్నం రఫూ అక్క వంటింట్లోకి వెళ్లొచ్చేసరికి, అమ్మ ఎవరిదో కోటు ఒళ్లో వేసుకుని, గుండీల కాజాలన్నీ చిరుగులనుకుని పోగుకు పోగు కలిపి మూసేసింది. ఎక్కడ మూసిందో వెతికినా దొరకలేదు.

"చిల్లుల కోటు ఇచ్చేస్తావా జనానికి? పరువు పోదూ?" అంది అమ్మ. కూతురి పేరు మరిచినా తిట్టడం మరవలేదు.

ఆ పని అంత అందంగా ఉండటమే రఫూ అక్కను భయపెట్టింది. రేపు తన వేళ్లూ ఇలాగే, తను లేకుండా కుడతాయా?

ల్యాబులో పనిచేసే చెల్లెలు రాగానే అడిగేసింది. "అమ్మ మతిమరుపు నాకూ వస్తుందంటావా?"

"వచ్చి తీరుతుందని కాదక్కా. దీనికి సంబంధించిన జన్యువు ఒకటుంది, అది మనకు అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి వస్తుంది. అందులో ఒక రకం ఉంటే ముప్పు ఎక్కువ. రక్తపరీక్షలో తెలుస్తుంది."

"తెలిస్తే బాగుచేస్తారా?"

"జన్యువంటే పొడుగాటి అక్షరాల వరుసలాంటిది. మా ల్యాబులో అందులో ఒక్క అక్షరం మార్చి చూస్తున్నాం. ఇంకా కణాల్లో, ఎలుకల్లోనే."

"ఎలుకలదే అదృష్టం!" నవ్వింది గానీ, కళ్లు మెరిశాయి. "బట్టంతా విప్పకుండా ఒక్క పోగేనా? మరి మీ సూదికి ఏది చిరుగో, ఏది కాజానో ఎలా తెలుస్తుంది?"

చెల్లెలు అమ్మ వైపు చూసింది. "చుట్టూ ఉన్న అక్షరాల్ని ఆనవాలు చెప్పి పంపుతాం. అయినా ఒక్కోసారి వేరేచోట కోసేస్తుంది. మా బెంగా అదేనక్కా." అక్క వైపు తిరిగి అంది: "వద్దులే. మందు లేనిదానికి పరీక్షెందుకు? ఊరికే నిద్ర చెడగొట్టుకోవడం."

"తిరగేసి చూడకుండా ఏ బట్టా ఒళ్లో పెట్టుకోలేదే నేను," అంది రఫూ అక్క.

మర్నాడే రక్తపరీక్షకు వెళ్లారు. నర్సు సూది గుచ్చుతుంటే చెల్లెలు మొహం తిప్పుకుంది. రఫూ అక్క మాత్రం రక్తం నిండుతున్న గాజుగొట్టంలోకి వంగి చూసింది.

"ఇందులో ఎక్కడుంటుందే ఆ జన్యువు?"

"ప్రతి బొట్టులోనూ."

"అన్నిట్లోనూ ఒకటే నేతా!" అంది, భయపడటం కూడా మరిచిపోయి.