నలభై ఒకటో గీత

సేర్లు పోయి కిలోలు, గజాలు పోయి మీటర్లు వచ్చిన ఆ రోజుల్లో మా భువనగిరిలో లెక్క రాని వాళ్ళకంటే, లెక్క వచ్చనుకున్న వాళ్ళ వల్లే ఎక్కువ ముప్పు ఉండేది. ఆ రెండో జాతిలో నేను మొదటిదాన్ని. ఇప్పుడు పాపకు మందు పట్టేటప్పుడు ఔన్సులను మిల్లీలీటర్లలోకి మార్చి, నాలుగుసార్లు సరిచూసుకుంటాను. "గింత ఫికరెందుకే?" అని మావారు నవ్వుతారు. ఆ భయం వెనుక ఒక బియ్యం మిల్లు ఉందని ఆయనకు ఇంతవరకు చెప్పలేదు.

మా నాన్న, మా బాపు, ఆ మిల్లులో గుమాస్తా. నేను అప్పుడే బీఎస్సీ పాసై, ఆ గర్వం ఇంకా ఆరకముందే, మిల్లు బాయిలరుకు ఆవిరి ఒత్తిడి చూపే పాత గేజీ పగిలిపోయింది. హైదరాబాదు నుంచి వచ్చిన కొత్తదాని మీద పౌండ్లు లేవు, అన్నీ కిలోలే. సేటు నన్ను పిలిపించి, "తొంభై పౌండ్ల కాడ మన మిషిని నడుస్తదమ్మా. గీ కొత్తదాంట్ల యాడ ఆపాలెనో జర చెప్పు" అన్నాడు. కిలోకు రెండు పాయింటు రెండు పౌండ్లు. భాగించాను. గోడ మీద సుద్దముక్కతో పెద్దగా 41 అని రాశాను. అందరూ తలలూపారు, బాయిలర్ తాత తప్ప. ముప్పై ఏళ్ళుగా ఆ బాయిలరును నడుపుతున్న మనిషి.

"బిడ్డా, గీ గడియారంల పదిదాకనే అంకెలున్నయి. నలభై ఒకటి యాడికెళ్ళి తేవాలె?"

అక్కడైనా ఆగవలసింది. కానీ అందరూ నా వైపే చూస్తున్నారు. "అంకెలు కాదు తాతా, చిన్న గీతలు లెక్కపెట్టు" అన్నాను. అంకెకు ఐదు చొప్పున మొత్తం యాభై గీతలు. నలభై ఒకటి అందులో చక్కగా ఇమిడింది కూడా. (తప్పుకు అంత సుఖంగా చోటు దొరకడం నేను మళ్ళీ చూడలేదు.)

ముల్లు ముప్పై అయిదో గీత దాటిందో లేదో, సేఫ్టీ వాల్వు లేచి కూత పెట్టింది. వడ్లు చెరిగే ఆడవాళ్ళు చేటలు వదిలి పరుగెత్తారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సేటు ధోవతి మాత్రం తడిసి ముద్దయింది.

"ముసలోడా, పానాలు తీస్తవా? గీతలు లెక్కవెట్టరాదా నీకు?"

తాత నా వైపు ఒకసారి చూశాడు. "నాకే లెక్క తప్పింది సేటూ" అన్నాడు.

ఇంటికెళ్ళి పుస్తకం తీశాను. పౌండ్లను మార్చాను గాని, అవి చదరపు అంగుళం మీద పడే పౌండ్లని, ఆ అంగుళాన్నీ చదరపు సెంటీమీటరుగా మార్చాలని మరిచాను. రావలసింది ఆరు పాయింటు మూడు, అంటే ముప్పై ఒకటో గీత దాటగానే. బాపుతో చెబితే తలుపు దగ్గరికి వేశాడు. "ఊకో బిడ్డా. నీ బడి నౌకరికి సేటే సిఫారసు చిట్టీ రాయాలె" అన్నాడు.

ఊరుకున్నాను. తెల్లారి ఎవరూ చూడకముందే 41 చెరిపి 6.3 రాశాను. పనివేళకు బాయిలరు దగ్గర తాత చోట సేటు మేనల్లుడు నిలబడ్డాడు. తాత ఊక తట్ట మోస్తున్నాడు. నాకు చిట్టీ వచ్చింది, మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లల బడిలో నౌకరీ వచ్చింది. ఒత్తిడి పాఠం బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది.

నాలుగేళ్ళ తరువాత మోత్కూరు అంగడిలో తాత కనిపించాడు, వంగిపోయి. "తాతా, ఆనాడు తప్పు నాది. ముప్పై ఒకటి దాటంగనే ఆపాల్సింది" అన్నాను.

"అవ్‌గద బిడ్డా! ముప్పై ఒకటి కాడనే మిషిని సప్పుడు సరిపడ్డది. నా చెవికి ఎరుకైంది."

"మరి ఎందుకు ఆపలేదు?"

"నువ్వు కాలేజిల సదువుకున్న పిల్లవైతివి. నా చెవి ఏం సదివింది?" అని పళ్ళులేని నోటితో నవ్వాడు.

ఆయన నవ్వితే నేనూ నవ్వాను, ఇంకేం చేయాలో తెలియక. వేళ్ళకు సుద్దపొడితో ఆ గోడ ముందు నిలబడ్డ అమ్మాయి గుర్తొస్తే ఇప్పటికీ అలాంటి నవ్వే వస్తుంది. చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉండేది పాపం.